ఇంట్లో కృతజ్ఞత కూడిక: కానుక, మాట, భోజనం ఏ వరుసలో, ఎలా?

“మావాడు కువైట్ నుంచి క్షేమంగా వచ్చినాడు, కూడిక పెట్టాలన్నా, ఏమేమి కావాల?” “బోరులో నీళ్లు పడినాయి, ఎంతమందిని పిలవాల?” కడప, కర్నూలు, అనంతపురం వైపు నుంచి ఇలాంటి ప్రశ్నలు ఆగకుండా వస్తున్నాయి. కూడిక అంటే చర్చి సంఘాన్ని, బంధువులను ఇంటికి పిలిచి, జరిగిన మేలుకు దేవునికి కృతజ్ఞత చెప్పే ప్రార్థన. కానీ అడిగేదంతా షామియానా, మైకు, పొట్టేలు గురించే. దేవుని ముందు నిలబడి ఏం చెప్పాలని అడిగేవాళ్లు తక్కువ.

అందుకే ఇక్కడ వంటను బాగా వెనక్కి నెట్టాం. బైబిల్లో ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ప్రథమఫలాలు తెచ్చిన రైతు ముందు గంప అప్పగిస్తాడు. తర్వాత నోరు తెరిచి తన ఇంటి కథ, దేవుడు చేసిన మేలు చెబుతాడు. గుడి సేవ చేసే లేవీయునితో, పరదేశితో కలిసి సంతోషించడం ఆ తర్వాతే. మన ఇళ్లలో ఈ వరుస తలకిందులవుతుంది: వంట నాలుగు రోజుల ముందే ఖరారవుతుంది, సాక్ష్యం, అంటే జరిగిన మేలు నోటితో చెప్పే మాట, మైకు చేతికిచ్చాక వెతుక్కుంటారు.

1. దేనికి కృతజ్ఞతో ఒక్క వాక్యంలో రాయండి

తేదీ పెట్టకముందే ఇంటివాళ్లందరూ కూర్చుని ఈ పని చెయ్యండి. “దేవుడు చేసిన మేలులన్నిటి కోసం” అని రాస్తే లాభం లేదు. ఆ వాక్యం ఎవరింట్లోనైనా చదవొచ్చు.

ఇలా ఉండాలి: “చెనిక్కాయ (వేరుశనగ) విత్తినాక నెల దాటినా వాన లేదు, ఆగస్టు చివర పడిన రెండు వానలకు పైరు నిలిచింది.” లేదా: “అమ్మకు కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు తన పని తానే చేసుకుంటోంది.”

103వ కీర్తన చూడండి. “ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము” అని తన ప్రాణానికి చెప్పుకున్న దావీదు అక్కడితో ఊరుకోలేదు. దోషాలు క్షమించాడు, రోగాలు కుదిర్చాడు, సమాధి నుంచి విడిపించాడు అంటూ విడివిడిగా చెప్పుకుంటూ పోయాడు. 107వ కీర్తనలో దారి తప్పినవాళ్లు, చెరలో ఉన్నవాళ్లు, రోగంతో చావుదాకా వెళ్లినవాళ్లు, ఓడల్లో తుపానుకు చిక్కినవాళ్లు వేర్వేరుగా కనిపిస్తారు. ఎవరి ఆపద వాళ్లది, ఎవరి కృతజ్ఞత వాళ్లది.

వాక్యం కుదరకపోతే ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి:

- ఆ మేలు జరగకముందు మనం దేనికి భయపడ్డాం?
- మధ్యలో ఎవరెవరు చెయ్యందించారు?
- ఇప్పుడు ఇంట్లో ఏం మారింది?

2. మొక్కుబడి ఉంటే ముందు అది తేల్చండి

ఆసుపత్రి వరండాలో నిలబడి మొక్కుకున్న మాట కూడిక నాటికి సగం మందికి గుర్తుండదు. భార్య ఒకటి, భర్త ఇంకొకటి మొక్కుకుని ఉంటారు. ఇద్దరూ చెప్పుకుని కాగితం మీద పెట్టండి. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం నిర్మొహమాటంగా చెబుతుంది.

శక్తికి మించి మొక్కుకున్నవాళ్లు రాత్రిళ్లు నిద్రపోకుండా బాధపడుతుంటారు. వాళ్లకు లేవీయకాండము 27వ అధ్యాయం 8వ వచనం చూపించండి. నిర్ణయించిన వెల చెల్లించలేనంత బీదవాడు యాజకుని దగ్గరకు వస్తే, అతని కలిమి కొద్దీ వెల నిర్ణయించమని అక్కడ ఉంది. కాబట్టి పాస్టర్ గారి దగ్గర ఉన్నదున్నట్టు చెప్పి, చెల్లించగలిగింది ఒప్పుకోండి. దాచిపెట్టి తిరగడం వద్దు, అప్పు చేసి తీర్చడం అసలే వద్దు.

3. తేదీ, సమయం

ముందు పాస్టర్ గారిని అడిగి, తర్వాతే బంధువులకు చెప్పండి. పల్లెల్లో ఒకే అయ్యగారు మూడు నాలుగు సంఘాలు చూస్తుంటారు. ఆదివారం సాయంత్రానికి ఆయన గొంతు పోయి ఉంటుంది. మంగళవారమో గురువారమో అయితే తీరిగ్గా వస్తారు.

- వానాకాలం చెనిక్కాయ కోతలు అక్టోబరు, నవంబరులో సాగుతాయి. కాయ ఇంటికి చేరాక పెట్టండి, కళ్లంలో ఉండగా ఎవరికీ తీరిక ఉండదు.
- కోసిగి, మంత్రాలయం వైపు మిర్చి కోతలకు గుంటూరు వలస పోయిన కుటుంబాలు ఉంటే, వాళ్లు తిరిగొచ్చేదాకా ఆగండి. వాళ్లు లేకుండా సగం సంఘం లేనట్టే.
- ఏప్రిల్, మే నెలల్లో పగటి కూడిక వద్దు. సాయంత్రం 6:30కి మొదలుపెట్టండి.
- మార్చిలో పిల్లలకు పరీక్షలు. మైకు లేకుండా జరపండి.
- లౌడ్‌స్పీకర్ పెడితే అధికారుల రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా వాడకూడదు. ముప్పై నలభై మందికైతే మైకు అవసరమే లేదు.
- ఆరోగ్యం బాగుపడినందుకు కూడిక అయితే, ఆ మనిషి గంటసేపు కూర్చోగలిగే దాకా ఆగండి. డిశ్చార్జి అయిన మర్నాడే ఇంటినిండా జనాన్ని పిలిస్తే ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంటుంది.

4. ఖర్చుకు గీత గీయండి

నూటికి మూడు వడ్డీకి తెచ్చి పొట్టేలు కోయడం మన వైపు కొత్త కాదు. కూడిక అయిపోయాక ఆరు నెలలు ఆ ఇంట్లో కృతజ్ఞత మాటే వినపడదు, వడ్డీ మాటే. చేతిలో ఉన్న డబ్బుతోనే లెక్క వేయండి, అదీ కింది వరుసలోనే:

- మొదట కానుక
- రెండోది లేనివాళ్లకు తీసిపెట్టేది
- మిగిలినదాంతో భోజనం, కుర్చీలు, వెలుతురు

ఉదాహరణకు చేతిలో 8,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. కానుకకు 2,000, లేనివాళ్లకు 1,500 తీస్తే 4,500 మిగులుతుంది. ఇంట్లోనే చేసుకుంటే ముప్పై మందికి పైగా ఉగ్గాని (బొరుగుల ఫలహారం), బజ్జీ, టీ దాంతో వస్తాయి. అందరికీ మాంసం పెట్టాలంటే చాలదు. అప్పుడు తగ్గించాల్సింది కానుకను కాదు, వంటకాలను.

5. కానుక సిద్ధం చేయడం

కవరు ముందురోజే కట్టి బైబిల్లో పెట్టండి. జనం ముందు జేబులు తడుముకుంటే పక్కవాళ్లను చూసి ఇవ్వాల్సి వస్తుంది. సణుక్కోకుండా, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వమని రెండో కొరింథీ 9:7 చెబుతుంది. నిశ్చయించుకోవడమంటే కూడికకు ముందే కదా.

రైతు కుటుంబమైతే పంటలోంచే ఇవ్వడం బాగుంటుంది. ఒక మూట చెనిక్కాయలో, కొర్రలో, జొన్నలో. అమ్మేశాక మిగిలిన తాలు కాయ కాదు, అమ్మకముందు తీసిన మంచి కాయ.

సంఘానికి ఇచ్చేది కోశాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. పాస్టర్ గారి పెట్రోలు డబ్బులు వేరే కవర్లో పెట్టండి, రెండూ కలిపితే లెక్క దగ్గర ఇబ్బంది పడేది ఆయనే. మొత్తం ఎంతో మైకులో చదివించకండి. చదువుతామని ఎవరైనా అంటే, వద్దని ముందే మర్యాదగా చెప్పి ఉంచండి.

రెండో భాగం, అంటే లేనివాళ్లది, డబ్బుగా కంటే వాళ్లకు కావలసిన వస్తువుగా ఇస్తే మంచిది. వితంతువు ఇంటికి బియ్యం మూట, హాస్టల్ పిల్లాడికి దుప్పటి. జనం ముందు పిలిచి ఇవ్వద్దు. ఫోటో వద్దు.

6. సాక్ష్యం చెప్పడం

కూడికంతా దీని మీదే నిలబడుతుంది. అయినా అందరూ దీన్నే ఆఖరి నిమిషానికి వదిలేస్తారు.

ముందు ఎవరు చెప్పాలి? మేలు ఎవరికి జరిగిందో వాళ్లు. భార్యకు ఆపరేషన్ అయితే భర్త లేచి పది నిమిషాలు మాట్లాడడం మామూలైపోయింది. ఆమెకు బెరుకైతే కాగితం మీద రాసుకుని కూర్చునే చదవొచ్చు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు, తిరిగొచ్చిన ఒక్క సమరయుడు తన నోటితోనే గొప్ప శబ్దంతో దేవుణ్ణి మహిమపరిచాడు. అతని తరఫున ఎవరూ మాట్లాడలేదు.

మూడు నిమిషాలు చాలు. ఈ వరుసలో రాసుకోండి:

1. పరిస్థితి: ఏం జరిగింది, ఎప్పుడు.
2. మా బలహీనత: ఎక్కడ భయపడ్డాం, ఎక్కడ నమ్మకం సడలింది.
3. సాయం: ఎవరు ప్రార్థించారు, ఎవరు రక్తం ఇచ్చారు, ఎవరు బస్సు చార్జీ ఇచ్చారు.
4. దేవుడు చేసినది: ఒక్క వాక్యం, పెంచకుండా.
5. ఇంకా మిగిలి ఉన్న కష్టం, ఉంటే.

ఐదోది చాలామంది వదిలేస్తారు. దాన్ని కలిపితేనే వినేవాళ్లు నమ్ముతారు. ఒక నమూనా ఇది, రాజంపేట వైపు ఒక తల్లి చెబుతున్నట్టు ఊహించుకోండి:

“అయ్యగారికి, సంఘానికి వందనాలు. మా చిన్నోడు కువైట్ పోయి మూడేండ్లాయ. పోయిన ఏడు వాళ్ల సేటు ఆర్నెల్లు జీతం ఇయ్యలేదు, పాస్‌పోర్టు గూడా పెట్టుకున్యాడు. నేను ప్రార్థన జేయడమే మానేసినా, కోపమొచ్చింది నాకు దేవుని మింద. మా అక్కగారు ప్రతి శుక్రవారం ఇంటికొచ్చి నా బదులు ఆమే ప్రార్థన జేసింది. వాని రూములో ఉండే సాయిబుల పిల్లోడు ఎంబసీకి తోడు పోయినాడు. దేవుడు నా కొడుకును ఇంటికి తెచ్చినాడు. అప్పు ఇంకా ఉంది, అది గూడా తీరుతాదని ప్రార్థన జేయండి.”

ఇందులో వరుసంతా ఉంది. గొప్పలు లేవు. ముస్లిం పిల్లాడు చేసిన మేలును కూడా దాచలేదు. దేవుడు మనుషుల చేతులతో చేసిన సాయాన్ని మనుషుల పేరుతో చెప్పడం వల్ల ఆయన మహిమ తగ్గదు. డాక్టరు విషయంలోనూ ఇంతే. “డాక్టర్లు చేతులెత్తేసినారు” అన్న మాట నిజంగా వాళ్లు అని ఉంటేనే చెప్పండి. మందులు వాడుతూ ఉంటే ఆ సంగతీ చెప్పండి. లేకపోతే వినేవాళ్లలో షుగరు మాత్రలు మానేసేవాళ్లు ఒకరైనా తయారవుతారు.

సాక్ష్యంలో ఇవి రానివ్వకండి:

- పోలిక: లూకా 18లో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే యూదుడు) చేసినది కూడా కృతజ్ఞత ప్రార్థనే. “ఇతరుల్లాగా లేనందుకు” అని మొదలుపెట్టాడు, అక్కడే చెడింది. “పక్క పొలంవాళ్ల బోరు ఎండిపోయింది, మాది పారుతోంది” అన్నది అదే ప్రార్థన. ఆ పక్క పొలంవాళ్లు వెనక కుర్చీలోనే కూర్చుని ఉంటారు.
- “విశ్వాసం ఉంటే మీకూ జరుగుతుంది” అన్న మాట: ఆ కూడికకు బిడ్డను పోగొట్టుకున్న తల్లి వచ్చి ఉండొచ్చు.
- ఇంకొకరి గుట్టు: పిల్లలు లేకపోవడం, తాగుడు, కోడలి రోగం, ఆగిపోయిన సంబంధం. ఆ మనిషి ఒప్పుకుంటే తప్ప ఎత్తకూడదు.
- శత్రువుల ప్రస్తావన: “మా నాశనం కోరినవాళ్లు సిగ్గుపడినారు” అంటే ఎవరి గురించో ఊరందరికీ తెలుసు.

ముందురోజు రాత్రి ఒకసారి బయటికి చదివి గడియారం చూసుకోండి. ఐదు నిమిషాలు దాటితే రెండో భాగం కాదు, మొదటి భాగం కత్తిరించండి. రోగం వర్ణనే ఎప్పుడూ సాగిపోతుంది.

7. పిలుపులు

పిలవాల్సినవాళ్ల జాబితా రాశాక, అందులో మిమ్మల్ని తిరిగి పిలవలేనివాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. లూకా 14:12-14 ప్రకారం అసలు పిలవాల్సింది వాళ్లనే. ఒక్కరూ లేకపోతే జాబితా మళ్లీ రాయండి.

గట్టు తగాదా ఉన్న అన్నదమ్ములుంటే ఫోను చేయకుండా ఇంటికి వెళ్లి పిలవండి. కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:23-24. వాళ్లు రాకపోవచ్చు, అది వాళ్ల ఇష్టం. “చిన్నాయనా, నువ్వొస్తే మాకు సంతోషం” అన్న మాట మాత్రం మీ వైపు నుంచి వెళ్లాలి.

ఇరుగుపొరుగు హిందువులను, ముస్లింలను పిలిస్తే వాళ్ల దేవుళ్ల గురించి ఎవరూ మాట్లాడకుండా చూసుకోండి. సందేశం ఇచ్చేవారికి ఈ సంగతి ముందే చెప్పాలి. ముస్లింలు వస్తుంటే మాంసం హలాల్‌దేనా అని దుకాణంలో అడిగి తెచ్చి, ఆ విషయం వాళ్లకు చెప్పండి. శాకాహారం వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో.

8. కూడిక వరుస

గంటా పావులో ముగించండి.

- ప్రారంభ ప్రార్థన, రెండు పాటలు: 15 నిమిషాలు. అందరికీ వచ్చిన పాటలే ఎంచుకోండి. డోలక్, కంజీర, తాళాలు ఉంటే కీబోర్డు లేని లోటు తెలియదు.
- వాక్యపఠనం: 5 నిమిషాలు. 100 లేదా 116వ కీర్తన పిల్లల చేత చదివించండి.
- కానుక సమర్పణ: 5 నిమిషాలు. ఇంటివాళ్లందరూ కలిసి ఇవ్వాలి.
- సాక్ష్యం: 5 నిమిషాలు.
- సందేశం: 20 నిమిషాలు. ఇద్దరు ముగ్గురు ప్రసంగీకులను పిలవద్దు. ఒకరు చాలు.
- ఇతరుల కోసం ప్రార్థన: 15 నిమిషాలు. ఊళ్లో ఎవరికి ఏ కష్టముందో పేర్లు ముందే రాసుకోండి. వాళ్లను అడిగాకే.
- చివరి పాట, ఆశీర్వాదం: 10 నిమిషాలు.

వచ్చిన పెద్దలకు శాలువాలు కప్పే కార్యక్రమం పెట్టకండి. అది మొదలైతే ఇంకో అరగంట.

9. భోజనం

లేవీయకాండము 7:15లో కృతజ్ఞతార్పణ మాంసం ఆ రోజే తినేయాలి, మర్నాటికి మిగల్చకూడదు. ఒక్క రోజులో అంత మాంసం ఒక ఇల్లు తినలేదు. పంచాల్సిందే. రాయలసీమ ఎండలకూ ఈ నియమం సరిగ్గా సరిపోతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు మిగిలింది చూసుకుని, రాలేని ముసలివాళ్లకు, బాలింతలకు ఆ రాత్రే పంపండి.

సంగటి, కోడికూర పెట్టినా, చిత్రాన్నం, అలసంద వడలు పెట్టినా ఒకటే నియమం: వండినవాళ్లు కూడా కూడికలో కూర్చోవాలి. ఆడవాళ్లంతా పొయ్యి దగ్గరే ఉండిపోతే కూడిక సగమే జరిగినట్టు. సాయంత్రం ఐదుకల్లా వంట ముగిసేలా వంటకాలు ఎంచుకోండి. వేడిగా వేయాల్సిన బజ్జీలుంటే ఆశీర్వాదం అయ్యాక వేయండి, పది నిమిషాలు ఆగితే ఎవరూ ఏమీ అనుకోరు. వడ్డన మగపిల్లలకు అప్పగించండి.

10. ముందురోజు సరిచూసుకునే పట్టిక

- కృతజ్ఞత వాక్యం పాస్టర్ గారికి చెప్పారా? ఆయన సందేశం దాన్నిబట్టి ఉంటుంది.
- కానుక కవరు, ప్రయాణం కవరు, లేనివాళ్ల భాగం విడివిడిగా ఉన్నాయా?
- సాక్ష్యం కాగితం మీద ఉందా? చదివి చూశారా?
- కరెంటు పోతే వెలుతురుకు ఏర్పాటు ఉందా?
- తాగునీళ్లు? వేసవైతే మనిషికి లీటరున్నర లెక్క వేయండి.
- ముసలివాళ్లకు కుర్చీలు ముందు వరుసలో వేశారా?
- తగాదా ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లొచ్చారా?

11. మేలు జరగనప్పుడు ఏం చేయాలి?

అనంతపురం నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే చోట, అదీ సమయానికి రాకపోతే, విత్తనం డబ్బులు కూడా రావు. “పంట పోయింది, సంఘంలో అందరూ కోత కానుకలు తెస్తున్నారు, మేమేం తేవాలన్నా?”

కానుక తేవాల్సిన పని లేదు. ఉన్న కష్టం దాచి నవ్వుతూ నిలబడాల్సిన పనీ లేదు. 13వ కీర్తన “ఎంతవరకు” అని దేవుణ్ణి నిలదీస్తూ మొదలవుతుంది. హబక్కూకు 3:17 అయితే పోయినవన్నీ లెక్క పెడుతుంది: అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ కాపు లేదు, చేనిలో పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. దేవునియందు ఆనందిస్తాననడం ఆ లెక్కంతా అయ్యాకే.

ఇంట్లో ఇలా ప్రార్థించి చూడండి:

1. పోయినవి పేరుపేరునా చెప్పండి. ఎకరాలు, పెట్టుబడి, అప్పు అన్నీ.
2. మిగిలినవి చెప్పండి. ఒక్కటే ఉన్నా సరే. ఏమీ తోచని రోజు ఈ మెట్టు దాటేయండి, బలవంతంగా వెతకొద్దు.
3. కావలసింది అడగండి.

ప్రార్థనతో పాటు పంట నష్టం నమోదు, బీమా పని కూడా చూసుకోండి. రైతు సేవా కేంద్రానికి వెళ్లడం అవిశ్వాసం కాదు.

చావు జరిగిన ఇంట్లో మాత్రం “ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి” అన్న వచనం చదివి వాళ్ల నోరు మూయించకండి. అది పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మాటే, నిజమే. ఏడ్చేవారితో ఏడవమని రోమా సంఘానికి రాసింది కూడా ఆయనే. కృతజ్ఞత కూడిక ఎప్పుడు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఆ ఇంటివాళ్లే చెబుతారు. అప్పటిదాకా సంఘం సంగటి వండి తీసుకెళ్తే చాలు.

12. కూడిక అయిన వారంలో

- తెచ్చిన గిన్నెలు, జంపఖానాలు మర్నాడే తిరిగి ఇచ్చేయండి.
- ఖర్చు లెక్క చూసి, మిగిలితే మళ్లీ లేనివాళ్ల భాగంలో కలపండి.
- సాక్ష్యంలో చెప్పిన ప్రతి మనిషినీ కలిసి లేదా ఫోనులో పలకరించండి. రక్తం ఇచ్చినతను, ఆసుపత్రిలో నర్సమ్మ, ఎంబసీకి తోడు వెళ్లిన పిల్లాడు. వాళ్లలో చాలామంది కూడికకు వచ్చి ఉండరు.
- సాక్ష్యం కాగితం మీద తేదీ వేసి బైబిల్లో దాచండి.
- ఇతరుల కోసం ప్రార్థించిన పేర్ల జాబితా వంటింటి గోడకు అంటించి, నెల తర్వాత వాళ్లను ఎలా ఉన్నారని అడగండి.